పిల్లల చూపు, కళ్లద్దాలు: తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు జిల్లాల బడుల్లో పిల్లల కళ్లు పరీక్షించే పనిలో ఉన్నందువల్ల తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, అప్పుడప్పుడూ పిల్లలే నన్ను అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఇవి చదివి మందులు గానీ అద్దాలు గానీ మీ అంతట మీరే నిర్ణయించుకోవద్దు. ఎప్పుడు వెళ్లాలో, ఎవరి దగ్గరికి వెళ్లాలో, అక్కడ ఏమి అడగాలో తెలుసుకోవడానికి మాత్రం ఇవి పనికివస్తాయి.

మా బిడ్డ ఏనాడూ కళ్లు కనబడలేదని అనలేదు. అయినా పరీక్ష చేయించాలా?

చేయించాలి. చూపు తగ్గితే బిడ్డే వచ్చి చెబుతుందని అనుకోవడం ఈ విషయంలో మనం చేసే అన్నిటికంటే పెద్ద పొరపాటు. పెద్దవాళ్లకు చూపు మందగిస్తే నిరుటికీ ఇప్పటికీ తేడా తెలుస్తుంది. చిన్నప్పటినుంచీ మసకగానే చూస్తున్న బిడ్డకు పోల్చి చూసుకోవడానికి మరో చూపు లేదు గనుక, అందరికీ లోకం అలాగే కనిపిస్తుందని నమ్ముతుంది. ఒక పల్లె బడిలో అయిదో తరగతి అమ్మాయి, టీచర్లు దూరం నుంచి వస్తుంటే చీర రంగును బట్టి, నడకను బట్టి గుర్తుపడతానని, ముఖం దగ్గరికి వస్తే గానీ తెలియదని, అది అందరూ చేసే పనే అన్నట్టు నాతో చెప్పింది. పక్కపిల్ల నోటుపుస్తకంలో చూసి రాస్తోందని ఆ అమ్మాయిని అంతకుముందు చాలాసార్లు కోప్పడ్డారు. బోర్డు మీది అక్షరాలు ఆనకపోవడం వల్లనే ఆమె పక్కపుస్తకంలోకి చూసేదని ఎవరికీ తట్టలేదు.

అందుచేత బిడ్డ మాట కోసం ఎదురుచూడకుండా బిడ్డ నడవడిని గమనించండి. దూరంగా ఉన్నదాన్ని చూడడానికి కళ్లు చిట్లించడం, తల ఒక పక్కకు వంచి చూడడం, టీవీ ముందుకు జరిగి జరిగి కూర్చోవడం, పుస్తకాన్ని ముక్కుకు ఆనించినట్టు పట్టుకోవడం, బంతి తన మీదికి వస్తున్నా ఆలస్యంగా చేయి చాపడం, మాటిమాటికీ కళ్లు నలుపుకోవడం, సాయంత్రానికి నుదురు నొప్పి అనడం, బోర్డు మీది లెక్కలో 3ను 8గా ఎక్కించుకుని రావడం వంటివి కనిపిస్తే పరీక్షకు తీసుకువెళ్లాలి. తిరుపతిలో ఉన్నవాళ్లకు ఇంకొక సులువైన దారి ఉంది. రాత్రి మిద్దె మీదికి తీసుకువెళ్లి, గాలిగోపురం దగ్గర వెలిగే శంఖు చక్ర నామాలను బిడ్డకు చూపించి, ముందు ఒక కన్ను, తరువాత రెండో కన్ను అరచేత్తో మూసి, ఏమేమి కనబడుతున్నాయో విడివిడిగా చెప్పమని అడగండి. ఒక కంటితో చూసినప్పుడు చెప్పగలిగింది రెండో కంటితో చెప్పలేకపోతే ఆలస్యం చేయవద్దు. ఇందులో బాగా చెప్పినంత మాత్రాన పరీక్ష అక్కరలేదని అర్థం కాదు. చెప్పలేకపోతే మాత్రం పరీక్ష తప్పనిసరి.

వక్రీభవన దోషం (అద్దాలు కావలసివచ్చే చూపు లోపం) అంటే కంటి జబ్బా?

చాలామంది పిల్లల్లో అది జబ్బు కాదు, కొలతలో తేడా. కంట్లోకి వచ్చే వెలుగును ముందున్న కార్నియా, దాని వెనకనున్న కటకం వంచి, వెనక గోడకు అంటుకుని ఉన్న రెటీనా మీద సరిగ్గా కేంద్రీకరించాలి. అప్పుడే పుట్టిన బిడ్డ కన్ను ముందునుంచి వెనక్కు సుమారు 17 మిల్లీమీటర్లు ఉంటుంది. పెరిగి పెద్దయ్యేసరికి సుమారు 24 మిల్లీమీటర్లు అవుతుంది. ఈ పెరుగుదల కార్నియా వంపుకు తగినట్టుగా ఆగిపోతే అద్దాల అవసరం ఉండదు. కన్ను అవసరానికి మించి పొడవు పెరిగితే వెలుగు రెటీనాకు ముందే కేంద్రీకృతమై దూరపు వస్తువులు మసకబారతాయి. దీనిని హ్రస్వదృష్టి అంటాము. పొడవు చాలకపోతే దీర్ఘదృష్టి. కార్నియా అన్ని దిక్కులా ఒకే వంపుతో లేకుండా, బంతిలా కాక కోడిగుడ్డు పక్కభాగంలా ఉంటే ఆస్టిగ్మాటిజం. అప్పుడు దూరమైనా దగ్గరైనా అక్షరానికి నీడ పడినట్టు కనిపిస్తుంది.

అద్దాల పవర్‌ను డయాప్టర్లలో కొలుస్తారు. ఒక్క మిల్లీమీటరు అదనపు పొడవు సుమారు రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల మైనస్ పవర్‌కు సమానం. స్కేలు మీద ఒక చిన్న గీత అంత తేడాకే బిడ్డకు బోర్డు మసకబారిపోతుంది.

చీటీలో మైనస్, ప్లస్, సిలిండర్, యాక్సిస్ అని రాసి ఉంటాయి. అవి ఏమిటి?

మైనస్ హ్రస్వదృష్టికి, ప్లస్ దీర్ఘదృష్టికి, సిలిండర్ ఆస్టిగ్మాటిజానికి వాడే అద్దాల కొలతలు. సిలిండర్‌ను ఏ కోణంలో అమర్చాలో యాక్సిస్ చెబుతుంది. 6/6 అని రాసి ఉంటే మామూలు కన్ను ఆరు మీటర్ల దూరంలో చదవగలిగిన వరుసను మీ బిడ్డ కూడా ఆరు మీటర్ల నుంచే చదివిందని అర్థం. 6/18 అంటే మామూలు కన్ను పద్దెనిమిది మీటర్ల నుంచి చదవగలిగిన వరుస మీ బిడ్డకు ఆరు మీటర్లకు వస్తే గానీ ఆనడం లేదని అర్థం. ఈ చీటీలన్నీ ఒక కవరులో దాచిపెట్టండి. పవర్ ఎంత ఉంది అన్నదానికంటే ఏడాదికి ఎంత చొప్పున మారుతోంది అన్నది వైద్యునికి ఎక్కువ విషయం చెబుతుంది.

మొదటి పరీక్ష ఏ వయసులో చేయించాలి?

పుట్టినప్పుడు వైద్యులు కళ్లను ఒకసారి చూస్తారు. తరువాత మూడు, నాలుగేళ్ల మధ్య, అంటే బడిలో చేర్చకముందు, పూర్తి పరీక్ష ఒకటి జరగాలి. అక్షరాభ్యాసానికి ముహూర్తం పెట్టుకునే ప్రతి ఇంట్లోనూ ఆ నెలలోనే కంటి పరీక్ష కూడా పెట్టుకోవాలని నేను అందరికీ చెబుతుంటాను. ఆ తరువాత ఏ ఇబ్బందీ లేకపోయినా ఒకటి రెండేళ్లకొకసారి, అద్దాలు ఉన్న పిల్లలకు ఏడాదికొకసారి, మైనస్ పవర్ త్వరగా పెరుగుతున్న పిల్లలకు ఆరు నెలలకొకసారి చేయించాలి. తల్లిదండ్రులిద్దరికీ మైనస్ అద్దాలు ఉన్నా, ఇంట్లో ఎవరికైనా చిన్నతనంలో మెల్లకన్ను ఉన్నా మూడేళ్ల వరకు ఆగనవసరం లేదు.

అక్షరాలు కూడా రాని బిడ్డకు పవర్ ఎలా తెలుస్తుంది? కళ్లలో చుక్కల మందు ఎందుకు వేస్తారు?

బిడ్డ ఒక్క మాట చెప్పకపోయినా పవర్ కొలవవచ్చు. రెటినోస్కోపు అనే చిన్న దీపంతో కంట్లోకి వెలుగు పంపి, అది తిరిగి వచ్చే తీరును అద్దాలు మార్చి మార్చి గమనించి లెక్కకడతారు. కొంచెం పెద్ద పిల్లలకు బొమ్మల పట్టికలు, ఏ వైపుకు తిరిగి ఉందో చేత్తో చూపించే ‘ఈ’ అక్షరం పట్టిక, తెలుగు అక్షరాల పట్టిక కూడా ఉన్నాయి.

చుక్కల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పిల్లల కంటిలోపలి కండరం చాలా బలమైనది. దీర్ఘదృష్టి ఉన్నా దానితోనే సర్దుకుని 6/6 చదివేస్తారు. అదే కండరం పరీక్ష సమయంలో బిగుసుకుని ఉంటే లేని మైనస్‌ను ఉన్నట్టు చూపిస్తుంది, ఉన్న ప్లస్‌ను దాచేస్తుంది. దానికి కొంతసేపు విశ్రాంతి ఇస్తేనే అసలు కొలత బయటపడుతుంది. అందుకోసమే సైక్లోపెంటోలేట్, హోమట్రోపిన్ వంటి చుక్కలు, మరీ చిన్నపిల్లలకు, మెల్లకన్ను ఉన్నవాళ్లకు ఇంటి దగ్గర కొన్ని రోజులు పెట్టే అట్రోపిన్ ఆయింట్‌మెంటు వాడతారు. కనుపాప పెద్దదై వెలుగు భరించలేకపోవడం, దగ్గరి అక్షరాలు మసకగా ఉండడం మామూలే. సైక్లోపెంటోలేట్‌తో సుమారు ఒక రోజు, హోమట్రోపిన్‌తో రెండు మూడు రోజులు, అట్రోపిన్‌తో పది రోజులు, ఒక్కొక్కసారి రెండు వారాలు కూడా ఉంటుంది. అట్రోపిన్ పెట్టిన తరువాత ముఖం ఎర్రబడి, ఒళ్లు కాలి, నోరు ఎండిపోతుంటే మందు ఆపి వెంటనే వైద్యునికి చెప్పాలి. ఆ ట్యూబు పిల్లల చేతికి అందకూడదు.

అందువల్లనే అద్దాల అంగడిలో యంత్రం ముందు గడ్డం ఆనించి తీసే కంప్యూటర్ చీటీ ఒక్కదాని మీద చిన్నపిల్లలకు అద్దాలు వేయించవద్దని గట్టిగా చెబుతాను. ఆ యంత్రం మంచిదే, కానీ చుక్కలు వేయని బిడ్డ కంటిలోని బిగువును అది కనిపెట్టలేదు. ప్లస్ అద్దాలు కావలసిన బిడ్డ మైనస్ అద్దాలతో తలనొప్పి పడుతూ వచ్చిన సందర్భాలు నేను స్వయంగా చూశాను.

అద్దాలకు అలవాటు పడితే పవర్ ఇంకా పెరిగిపోతుందంటారు. నిజమేనా?

నిజం కాదు. పవర్ పెరిగేది బిడ్డ ఎదుగుతున్నకొద్దీ కన్ను పొడవు పెరుగుతున్నందువల్ల. చెప్పులు తొడిగినందువల్ల పాదం పెరిగిందని ఎవరూ అనరు. పాదం పెరిగినందువల్ల చెప్పులు మారుస్తాము. అద్దాలు పెట్టుకున్నాక తీస్తే మునుపటికంటే మసకగా అనిపించడానికి కారణం, బిడ్డకు ఇప్పుడు స్పష్టమైన చూపు ఎలా ఉంటుందో తెలిసిపోవడమే. కళ్లకు పని చెప్పాలని కావాలనే తక్కువ పవర్ ఇప్పించడం వల్ల కూడా మైనస్ పెరుగుదల ఆగదు. బిడ్డకు బోర్డు ఆనకపోవడం మాత్రమే మిగులుతుంది.

కొద్దిపాటి మైనస్ ఉన్నవాళ్లు చదివేటప్పుడు అద్దాలు తీసినా ఇబ్బంది లేకపోవచ్చు. ఎక్కువ ప్లస్, ఎక్కువ సిలిండర్, రెండు కళ్ల మధ్య పవర్‌లో తేడా, మెల్లకన్ను ఉన్న పిల్లలు మాత్రం పొద్దున లేచినప్పటినుంచి పడుకునే వరకు పెట్టుకోవలసిందే.

‘లేజీ ఐ’ అన్నారు. అద్దాలు పెట్టినా ఆ కంటితో కనబడడం లేదు. ఇక బాగుకాదా?

ఈ పేజీలో ఒక్క సమాధానమే చదవడానికి మీకు సమయం ఉంటే ఇది చదవండి. చూపు కంటితో మొదలవుతుంది, మెదడులో పూర్తవుతుంది. పుట్టినప్పటినుంచి ఏడెనిమిదేళ్ల వరకు మెదడు చూడడం నేర్చుకుంటూ ఉంటుంది. ఆ వయసులో ఒక కన్ను స్పష్టమైన బొమ్మను, రెండో కన్ను మసక బొమ్మను పంపిస్తే, మెదడు మసక బొమ్మను పక్కనపెట్టి మంచి కంటినే నమ్ముకోవడం అలవాటు చేసుకుంటుంది. కంటిలో పుండు లేదు, పొర లేదు, నొప్పి లేదు. అయినా ఆ కంటికి చూపు రాదు. రెండు కళ్ల పవర్‌లో తేడా, మెల్లకన్ను, రెండు కళ్లలోనూ సరిదిద్దని ఎక్కువ పవర్, రెప్ప వాలిపోయి కంటిని కప్పేయడం, పుట్టుకతో వచ్చిన శుక్లం దీనికి ముఖ్యమైన కారణాలు. ఇది ఇంతగా దాగి ఉండడానికి కారణం ఒక్కటే: రెండు కళ్లూ తెరిచి ఉన్నంతసేపూ మంచి కన్ను పని అంతా చేసేస్తుంది గనుక బిడ్డ ఆడుతుంది, చదువుతుంది, ఎవరికీ అనుమానం రాదు.

చికిత్స సరైన అద్దాలతో మొదలవుతుంది. కొంతమందికి అద్దాలతోనే కొన్ని నెలల్లో చూపు మెరుగుపడుతుంది. మిగిలినవాళ్లకు బాగా కనబడే కంటిని రోజూ కొన్ని గంటలు ప్యాచ్‌తో, అంటే కంటికి అతికించే పట్టీతో మూసి, మందకొడి కంటితో పని చేయిస్తారు. ఒక మోస్తరు లోపానికి రోజుకు రెండు గంటలు మూస్తే ఆరు గంటలు మూసినంత ఫలితం వస్తుందని అమెరికాలో జరిగిన అధ్యయనాలు చూపించాయి; తీవ్రమైన లోపానికి ఎక్కువ గంటలు కావాలి. ప్యాచ్ వద్దనే పిల్లలకు మంచి కంటిలో అట్రోపిన్ వేసి దాన్ని కొంత మసకబార్చే పద్ధతి కూడా ఉంది. ఎన్ని గంటలు, ఎన్ని నెలలు అన్నది వైద్యులే చెప్పాలి. ఎక్కువ మూస్తే మంచి కంటికి నష్టం జరిగే ప్రమాదం ఉంది గనుక చెప్పిన రోజుకు తప్పక చూపించాలి.

ప్యాచ్ వేయడం వైద్యునికంటే తల్లికే కష్టం. కనబడే కన్ను మూస్తే ఏ బిడ్డ ఊరుకుంటుంది? ఏడుస్తుంది, పీకేస్తుంది. నేను చూసినంతలో, ఆ రెండు గంటలూ చేతికి పని, కంటికి ఆసక్తి ఉండే ఏర్పాటు చేసిన ఇళ్లలోనే ఇది నిలబడింది. చుక్కల ముగ్గు కలిపించడం, పళ్లెంలో పెసలు, కందులు కలిపి వేరు చేయించడం, మల్లెపూలు దారానికి గుచ్చించడం, బొమ్మలకు రంగులు వేయించడం వంటివి ప్యాచ్ ఉన్నంతసేపూ చేయించండి. అమ్మమ్మో నాయనమ్మో పక్కన కూర్చుంటే ఇంకా మంచిది.

ఏడెనిమిదేళ్లు దాటితే ఆశ లేదా అంటే, అలా తేల్చేయనక్కరలేదు. ఏడు నుంచి పదిహేడేళ్ల మధ్య పిల్లల్లో కూడా కొంతమందికి చికిత్సతో చూపు మెరుగుపడిందని పరిశోధనల్లో తేలింది. అయితే నాలుగేళ్ల బిడ్డకు వచ్చినంత సులువుగా పన్నెండేళ్ల బిడ్డకు రాదు. మూడు నాలుగేళ్లకే పరీక్ష చేయించమని ఇంతగా చెప్పేది అందుకే.

మెల్లకన్ను అదృష్టమని పెద్దవాళ్లు అంటున్నారు. పెద్దయితే అదే సర్దుకుంటుందా?

పెద్దవాళ్ల మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఈ మాట వల్ల చాలామంది పిల్లలు ఒక కంటి చూపు పోగొట్టుకున్నారు. మొదటి మూడు నాలుగు నెలల్లో పసికందు కళ్లు అప్పుడప్పుడూ పక్కకు తిరగడం సహజం. ఆ తరువాత కూడా కన్ను లోపలికో బయటికో తిరుగుతుంటే, అది ఒక్కొక్కసారే అయినా సరే, చూపించాలి. లోపలికి తిరిగే మెల్లకన్నులో ఒక రకానికి ప్లస్ అద్దాలు పెడితేనే కళ్లు తిన్నగా నిలబడతాయి. మరికొన్నింటికి ఆపరేషన్ అవసరమవుతుంది. ఎక్కడో ఒకచోట ఇది కంటి కేన్సరుకు తొలి గుర్తు కూడా కావచ్చు.

సెల్‌ఫోన్ వల్లనే పిల్లలకు సైట్ వస్తోందా?

ఫోను ఒక్కటే దోషి కాదు. తల్లిదండ్రులలో ఒకరికి మైనస్ ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం పెరుగుతుంది, ఇద్దరికీ ఉంటే ఇంకా పెరుగుతుంది. దానికి తోడు కంటికి బెత్తెడు దూరంలో గంటల తరబడి చూసే ఏ పనైనా, అది ఫోనైనా పుస్తకమైనా, మైనస్‌తో ముడిపడి ఉంది. అన్నిటికంటే గట్టిగా రుజువైన విషయం మరొకటి ఉంది: ఆరుబయట గడిపే సమయం తగ్గడం. చైనాలోని గ్వాంగ్‌ఝౌ నగరంలో పన్నెండు ప్రాథమిక పాఠశాలల్లో జరిగిన పరిశోధనలో, సగం బడుల్లో ఒకటో తరగతి పిల్లలను ప్రతి బడిరోజునా అదనంగా 40 నిమిషాలు ఆరుబయటికి పంపారు. మూడేళ్ల తరువాత చూస్తే, ఆ బడుల్లో 30.4 శాతం మందికి, మిగతా బడుల్లో 39.5 శాతం మందికి కొత్తగా హ్రస్వదృష్టి వచ్చింది. 2015లో ప్రచురించిన ఈ ఫలితంలో మందూ లేదు, యంత్రమూ లేదు. పిల్లలను బయటికి పంపారు, అంతే. తైవాన్ ప్రభుత్వం అయితే రోజుకు 120 నిమిషాలు ఆరుబయట గడపడాన్ని బడులకు లక్ష్యంగా పెట్టింది.

ఆరుబయటి వెలుగు, చెట్టు నీడలో కూడా, గదిలోని వెలుగుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ వెలుగుకు రెటీనాలో డోపమిన్ అనే రసాయనం విడుదలై కన్ను అతిగా పొడవు పెరగకుండా అడ్డుకుంటుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు మధ్యాహ్నం పిల్లలను బయటికి పంపమని ఎవరూ అనరు. ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగున్నర తరువాత టోపీ పెట్టి పంపినా సరిపోతుంది. సూర్యుని వైపు నేరుగా చూడకూడదు. ట్యూషన్ ఒక గంట తగ్గించి ఆ గంట వీధిలో ఆడనివ్వమని చెబితే చాలామంది తల్లిదండ్రులు నన్ను అనుమానంగా చూస్తారు. అయినా అదే చెబుతాను.

ఇక తెరల విషయం. రెండేళ్ల నుంచి నాలుగేళ్ల వరకు రోజుకు గంటకు మించి తెర ముందు కూర్చోబెట్టవద్దని, ఏడాది నిండని బిడ్డకు అసలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. అన్నం తినిపించడానికి ఫోను చేతికివ్వడం ఈ సూచనకు నేరుగా విరుద్ధం. పెద్ద పిల్లలు చదివేటప్పుడు ఇరవై నిమిషాలకొకసారి తలెత్తి కనీసం ఇరవై అడుగుల దూరానికి ఇరవై సెకన్లు చూడడం కళ్ల అలసటను తగ్గిస్తుంది; తిరుపతిలో అయితే కిటికీ తెరిస్తే శేషాచలం కొండలే కనిపిస్తాయి. నీలికాంతిని ఆపే అద్దాలకు అదనంగా డబ్బు పెట్టనవసరం లేదు. అవి కళ్ల అలసటను తగ్గిస్తాయనడానికి ఆధారాలు బలంగా లేవు.

పవర్ పెరగకుండా ఆపే మందు ఉందా?

పూర్తిగా ఆపేది లేదు, వేగం తగ్గించేవి ఉన్నాయి. తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలను రాత్రి పడుకునేముందు వేయడం అందులో ఒకటి. సింగపూర్‌లోనూ హాంకాంగ్‌లోనూ దీనిమీద విస్తృతంగా పరిశోధనలు జరిగాయి. హాంకాంగ్ అధ్యయనంలో 0.01, 0.025, 0.05 శాతం చుక్కలను పోల్చి చూస్తే 0.05 శాతం ఎక్కువగా పనిచేసింది. పరీక్షకు వాడే 1 శాతం అట్రోపిన్ వేరు, ఇది వేరు. ఒకదాని బదులు ఒకటి వాడకూడదు. పెరుగుదలను తగ్గించేలా ప్రత్యేకంగా తయారుచేసిన కళ్లద్దాలు, కార్నియా వంపును తాత్కాలికంగా మార్చేలా రాత్రిపూట పెట్టుకునే ఆర్థోకె లెన్సులు కూడా ఉన్నాయి గానీ వాటి ఖర్చు ఎక్కువ. ఏడాదికి అర డయాప్టరు, అంతకంటే ఎక్కువ పెరుగుతున్న పిల్లల విషయంలో వీటి గురించి వైద్యుని అడగడం మంచిది. మైనస్ ఆరు దాటితే పెద్దయ్యాక రెటీనా ఊడిపోవడం, నీటికాసులు వంటి ముప్పులు పెరుగుతాయి. వేగం తగ్గించడం వెనుక అసలు ఉద్దేశం అద్దాలు పలచబడడం కాదు, ఆ ముప్పును తగ్గించడం.

క్యారెట్, మునగాకు తినిపిస్తే అద్దాలు పోతాయా?

పోవు. కంటి పొడవును ఏ ఆహారమూ మార్చలేదు. మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు, గుడ్డు, పాలు విటమిన్ ‘ఎ’ లోపం వల్ల వచ్చే రేచీకటి నుంచి కాపాడతాయి గనుక వాటిని తప్పక పెట్టండి. తొమ్మిది నెలలకు ఒక లక్ష యూనిట్లు, తరువాత అయిదేళ్ల వరకు ఆరు నెలలకొకసారి రెండు లక్షల యూనిట్ల చొప్పున మొత్తం తొమ్మిది విడతలుగా ఇచ్చే విటమిన్ ‘ఎ’ ద్రావణాన్ని కూడా మానవద్దు.

ఆకుపసరు, తేనె, చనుబాలు కళ్లలో వేయవచ్చా? కాటుక మాటేమిటి?

వైద్యులు రాసిచ్చిన మందు తప్ప కళ్లలోకి ఏదీ వేయకూడదు. పసర్ల వల్ల, చనుబాల వల్ల కార్నియా మీద పుండు పడి మచ్చ మిగిలితే, అద్దాలతో సరిపోయే లోపం అద్దాలతో సరికాని లోపంగా మారుతుంది. కాటుకను రెప్పల లోపల దిద్దవద్దు. బుగ్గన దిష్టిచుక్క పెట్టుకుంటే అభ్యంతరం లేదు. ఎండాకాలంలో కళ్లు ఎర్రబడి విపరీతంగా దురదపెట్టే అలర్జీ మన ప్రాంతపు పిల్లల్లో తరచుగా కనిపిస్తుంది. దానికి మందుల అంగడిలో అడిగి తెచ్చుకునే చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే, నెలల తరబడి వాడినప్పుడు నీటికాసులు, శుక్లం వచ్చే ప్రమాదం ఉంది. కళ్లను గట్టిగా నలిపే అలవాటు కూడా మంచిది కాదు. అది కార్నియా పలచబడి ముందుకు పొడుచుకువచ్చే కెరటోకోనస్‌కు దారి తీయవచ్చు. సిలిండర్ పవర్ త్వరత్వరగా మారుతున్న పిల్లల్లో దీన్ని అనుమానించాలి.

అమ్మాయికి అద్దాలు పెడితే రేపు సంబంధాలు చూసేటప్పుడు ఇబ్బంది కదా?

ఈ ప్రశ్నను తల్లులు పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడుగుతారు. వాళ్ల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఊరి మాటలు ఎలా ఉంటాయో నాకూ తెలుసు. కానీ ఎనిమిదేళ్ల అమ్మాయికి పదిహేనేళ్ల తరువాత రాబోయే పెళ్లిచూపుల కోసం ఇవాళ్టి తరగతి గదిని మసకగా ఉంచడం న్యాయం కాదు. అదే ఇంట్లో అబ్బాయికి అదే పవర్ ఉంటే అద్దాలు వేయించి అమ్మాయికి మానుకోవడం నేను చూశాను, అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఎదుగుదల ఆగి పవర్ స్థిరపడ్డాక కాంటాక్ట్ లెన్సులు, లేజర్ వంటి దారులు తెరిచే ఉంటాయి. చిన్నతనంలో అద్దాలు పెట్టక లేజీ ఐ వస్తే మాత్రం ఆ తరువాత లేజర్ కూడా ఆ చూపును తెచ్చి ఇవ్వలేదు.

ఇంటర్మీడియట్ హాస్టల్లో ఉన్న మా అబ్బాయికి రోజూ తలనొప్పి. సైట్ వచ్చిందేమో?

వచ్చి ఉండవచ్చు, పరీక్ష చేయించండి. అయితే తెల్లవారుజామునుంచి రాత్రి పదింటి వరకు చదివే పిల్లలకు నిద్ర చాలకపోవడం, నీళ్లు తక్కువ తాగడం, మైగ్రేన్ వల్ల కూడా తలనొప్పి వస్తుంది. కళ్ల వల్ల వచ్చే నొప్పి సాధారణంగా చదివినకొద్దీ పెరిగి, సెలవురోజున తగ్గుతుంది. నిద్రలేవగానే తలనొప్పితో పాటు వాంతులు, ఒకటి రెండుగా కనబడడం ఉంటే కంటి వైద్యునితో ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి.

లేజర్ ఆపరేషన్ ఎప్పుడు చేయించుకోవచ్చు?

పద్దెనిమిదేళ్లు నిండి, కనీసం ఏడాదిగా పవర్ మారకుండా ఉంటేనే. కార్నియా మందం, ఆకారం పరీక్షించి, తగినదని తేలితేనే చేస్తారు. లేజర్ పవర్‌ను సరిచేస్తుంది గానీ పొడవు పెరిగిన కంటిని పొట్టి చేయదు. అందువల్ల ఎక్కువ మైనస్ ఉన్నవాళ్లు ఆపరేషన్ తరువాత కూడా ఏడాదికొకసారి రెటీనా పరీక్ష చేయించుకోవాలి. రక్షణ, పోలీసు, రైల్వే ఉద్యోగాలకు వెళ్లదలచినవాళ్లు ఆ ఉద్యోగ ప్రకటనలోని చూపు నిబంధనలు చదివిన తరువాతనే నిర్ణయించుకోవాలి.

ఏ లక్షణాలు కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు?

కనుపాప నల్లగా కాక తెల్లగా మెరవడం, ముఖ్యంగా ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో ఒక కన్ను తెల్లగా కనబడడం. చూపు ఉన్నట్టుండి తగ్గడం. ఎక్కువ మైనస్ ఉన్నవాళ్లకు కళ్ల ముందు మెరుపులు, నల్లటి చుక్కల జల్లు, పక్కనుంచి తెర కప్పినట్టు ఉండడం. టపాకాయ, బిళ్లంగోడు, కాంపస్ ముల్లు తగలడం. సున్నం గానీ రసాయనం గానీ పడడం. చివరిదానికి ముందు ధారగా మంచినీళ్లతో పావుగంటకు తక్కువ కాకుండా కడిగి, ఆ తరువాత ఆసుపత్రికి బయలుదేరాలి. రెండు కిలోలకంటే తక్కువ బరువుతో గానీ 34 వారాలలోపు గానీ పుట్టిన పసికందుకు నెల నిండకముందే రెటీనా పరీక్ష జరగాలి.

ఎక్కడికి వెళ్లాలి? వెళ్లేటప్పుడు ఏమి తీసుకువెళ్లాలి?

తిరుపతిలో రుయా ఆసుపత్రి కంటి విభాగం, అరవింద్ కంటి ఆసుపత్రి ఉన్నాయి. చిత్తూరువాళ్లకు ప్రభుత్వ జిల్లా ఆసుపత్రి దగ్గర. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఏడాదికొకసారి వచ్చి పద్దెనిమిదేళ్లలోపు పిల్లలను పరీక్షించాలి. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద అవసరమైన బడిపిల్లలకు ఉచితంగా అద్దాలు ఇస్తారు. మన రాష్ట్రంలో 2019 అక్టోబరు 10న మొదలైన కంటి వెలుగు పథకం కూడా తొలి విడతల్లో బడిపిల్లలకే పరీక్షలు చేసింది. అప్పుడు ఇచ్చిన అద్దాలే ఇప్పటికీ పెట్టుకుంటున్న పిల్లలు ఉంటే, వాళ్లు ఎదిగిపోయారు గనుక కొత్త పరీక్ష కావాలి.

వెళ్లేటప్పుడు పాత అద్దాలు పగిలినవైనా సరే తీసుకువెళ్లండి, పాత చీటీలు, వాడుతున్న మందుల పేర్లు, బిడ్డకు టోపీ లేదా గొడుగు వెంట ఉంచుకోండి. చుక్కలు వేస్తే చూపు సర్దుకునే వరకు చదవడం కష్టం గనుక పరీక్షలకు ముందు వారం కాకుండా, దసరా సెలవుల్లోనో సంక్రాంతి సెలవుల్లోనో వెళ్లడం మేలు. చుక్కలు వేయించుకున్న కాలేజీ పిల్లలు ఆ రోజు బండి నడపకూడదు. అద్దాలు తీసుకున్నాక చీటీతో సహా మళ్లీ చూపించి, కొలతలు సరిపోయాయో లేదో సరిచూసుకోండి. ఫ్రేము ముక్కు మీదినుంచి జారకుండా, కళ్లు అద్దాల మధ్యభాగానికి వచ్చేలా ఉండాలి. ఆడుకునే పిల్లలకు గాజు అద్దాలు వద్దు, అంత సులువుగా పగలని పాలీకార్బనేట్ అద్దాలు అడగండి. బడిలో క్లాసు టీచరుకు ఒక మాట చెప్పి రండి, పక్కపిల్లలు ఎగతాళి చేసినా బిడ్డ అద్దాలు తీసి సంచిలో దాచేయకుండా వాళ్లు చూసుకుంటారు.